ఒకటే మొదలు, రెండు దారులు: ఒక ఫిట్స్ కేసు

ఆపరేషన్ చేయించాలా వద్దా అని రెండో అభిప్రాయం కోసం వచ్చిన ఒక అమ్మాయి కేసు ఇది. ఫిట్స్ కుడి టెంపోరల్ లోబ్ (చెవి పక్కన ఉండే మెదడు భాగం) నుంచి వస్తున్నాయని, మందులకు లొంగడం లేదు కాబట్టి ఆ భాగం తీసేస్తే తగ్గే అవకాశం ఉందని అంతకుముందు చూసినవాళ్ళు చెప్పారు. తెచ్చిన కాగితాలన్నీ ఆ మాటనే బలపరుస్తున్నాయి. మెదడులోని కరెంటును నమోదు చేసే ఈఈజీలో కుడి టెంపోరల్ దగ్గర షార్ప్ వేవ్స్, అంటే ఫిట్స్‌ను సూచించే మొనతేలిన అలలు, ఉన్నాయి. ఎంఆర్ఐ రిపోర్టు చివర ‘కుడి హిప్పోక్యాంపస్ కాస్త చిన్నదిగా ఉంది’ అని రాశారు. హిప్పోక్యాంపస్ టెంపోరల్ లోబ్ లోపల ఉండే భాగం. ఫిట్ వచ్చినప్పుడు చూపు నిలబెట్టేసి పెదాలు చప్పరిస్తుందని ఇంట్లోవాళ్ళు చెబుతున్నారు. కాగితాలతో కలవనిది ఒక్కటే, ఆ అమ్మాయి స్వయంగా చెప్పిన మాట.

శ్రీకాకుళంలో న్యూరాలజీ ప్రాక్టీసు చేస్తూ ఈ కేసు రాస్తున్నాను. పేరు, ఊరు, ఇంటి వివరాలు తీసేశాను. రోగ నిర్ణయానికి సంబంధం లేని ఒకటి రెండు సంగతులు మార్చాను. ఆమె, ఆమె తల్లి సరే అన్నాకే రాస్తున్నాను.

నేపథ్యం

వయసు ఇరవై దాటి కొన్నేళ్ళు. ఉద్దానం వైపు పల్లె. పదో తరగతితో చదువు ఆపేసి జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కోసే పనికి వెళ్తోంది. తండ్రికి కిడ్నీ జబ్బు, డయాలసిస్ నడుస్తోంది. ఉద్దానం నుంచి వచ్చేవాళ్ళ కేస్ షీటులో ఈ వాక్యం రాయని రోజులు తక్కువే. ఈ కేసులో మందు ఎంచుకునేటప్పుడు అది మళ్ళీ అడ్డం వస్తుంది.

కథ పన్నెండు, పదమూడేళ్ళ వయసులో మొదలైంది. కళ్ళ ముందు రంగులు కనిపించేవి, వెంటనే తలనొప్పి, ఒక్కోసారి వాంతి. ముందు కళ్ళ డాక్టరుకు చూపించారు, సైట్ లేదన్నారు. తర్వాత పార్శ్వపు నొప్పి అని ఫ్లునారిజిన్ మాత్రలు చాలాకాలం వాడారు. తగ్గకపోగా ఇంకో లక్షణం తోడైంది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోవడం, పిలిస్తే పలకకపోవడం, పెదాలు చప్పరించడం, చున్నీ అంచు నలపడం. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. పదిహేనో ఏట ఒక తెల్లవారుజామున ఒళ్ళంతా కొట్టుకుని నాలుక కొరుక్కుంది. అప్పుడు ఫెనిటాయిన్ అనే ఫిట్స్ మందు మొదలుపెట్టారు. అది చాలావరకు పనిచేసింది. పెద్ద ఫిట్లు అరుదైపోయాయి, చిన్నవి మాత్రం ఆగలేదు.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి చెట్లు రోడ్లకు అడ్డంగా పడ్డాయి, కరెంటు లేదు, మందుల షాపు తెరవలేదు. మాత్రలు అయిపోయి కొన్ని రోజులు గడిచాక ఒకే రోజు వెంటవెంటనే పెద్ద ఫిట్లు వచ్చాయి. ఆస్పత్రిలో చేర్చాక, ఈమెకు రెండు రకాల ఫిట్స్ ఉన్నాయి, ఒకటి టెంపోరల్, రెండోది జనరలైజ్డ్ (మెదడు రెండు వైపులా ఒకేసారి మొదలయ్యేది) అని రాసి వాల్‌ప్రోయేట్ అనే ఇంకో మందు కూడా కలిపారు.

నా దగ్గరికి వచ్చేసరికి రెండు మందుల మీదా నెలకు నాలుగైదు చిన్నవి, రెండు మూడు నెలలకొక పెద్దది వస్తున్నాయి. ఫెనిటాయిన్‌తో చిగుళ్ళు ఉబ్బాయి. వాల్‌ప్రోయేట్‌తో జుట్టు రాలి ఒళ్ళొచ్చింది. ఇంట్లో పెళ్ళి సంబంధాలు చూస్తున్నారు.

వచ్చిన ప్రశ్న, కలవని మాట

టెంపోరల్ ఆపరేషన్ సలహా ఊరికే ఇచ్చింది కాదు. 2001లో కెనడాలో జరిగిన ట్రయల్ ఫలితాలు మా రంగంలో అందరికీ తెలిసినవే. మందులకు లొంగని టెంపోరల్ ఎపిలెప్సీ (ఫిట్స్ జబ్బు) ఉన్న 80 మందిని రెండు గుంపులు చేసి చూస్తే, ఏడాది తర్వాత స్పృహ తప్పే ఫిట్స్ లేనివాళ్ళు ఆపరేషన్ వైపు 58 శాతం, మందుల వైపు 8 శాతం. అంత తేడా ఉన్నప్పుడు రోగిని అటు పంపకపోవడమే తప్పు. కాకపోతే ఆ 58 శాతం ఫిట్ నిజంగా టెంపోరల్ లోబ్‌లో మొదలయ్యేవాళ్ళ లెక్క. టెంపోరల్ లోబ్ దాకా వచ్చి కనిపించేవాళ్ళకు ఆ లెక్క వర్తించదు.

అందుకే ముందుగా తేల్చుకోవాల్సింది, ఫిట్ మొదలయ్యేది ఎక్కడ అన్నది. దానికి స్కాన్ కన్నా ముందు మనిషిని అడగాలి. తమ్ముడు అప్పటికే ఫిట్ ఎలా వస్తుందో చేసి చూపిస్తున్నాడు, పెదాలు చప్పరించి మరీ. అతణ్ణి కాసేపు ఆగమని అమ్మాయినే అడిగాను: "ఇతను చూడకముందు, నీకు మొట్టమొదట తెలిసేది ఏంటి?"

"ఎడం పక్క రంగురంగుల గుండ్రాలు గిర్రున తిరుగుతాయి సార్. కళ్ళు నులుముకుంటాను. మరింకేటీ తెలీదు."

టేబుల్ మీదున్న స్కెచ్ పెన్నులిచ్చి గీయమన్నాను. ఎర్రది, పచ్చది, నీలం తీసుకుంది. కాగితం ఎడమవైపు కింది మూలలో చిన్న చిన్న గుండ్రాలు ఒకదాన్నొకటి ఆనుకుని గీసింది. పైన రెండు మూడు కాస్త పెద్దవి గీసి, "ఇలా పెద్దవవుతాయి" అంది. కాగితం కుడి సగంలో ఒక్క గుండ్రం కూడా లేదు.

హిప్పోక్యాంపస్ నుంచి మొదలయ్యే ఫిట్‌కి ముందు రోగులు చెప్పేది వేరుగా ఉంటుంది. పొట్టలోంచి ఏదో పైకి ఎక్కినట్టుందంటారు, కారణం లేని భయం అంటారు, ఇదంతా ఇంతకుముందే జరిగినట్టుందంటారు. రంగుల గుండ్రాలు, అదీ ఒక పక్కనే కనిపించాయంటే అది చూపుకు సంబంధించిన కార్టెక్స్, అంటే మెదడు పైపొర. చూపు మెదడుకు తిరగబడి చేరుతుంది కాబట్టి, ఎడమ పక్క కింద కనిపించాయంటే మెదడు వెనక భాగంలోని కుడి ఆక్సిపిటల్ లోబ్, అందులోనూ చూపు చేరే కాల్కరైన్ అనే గాడి పై గట్టు.

పార్శ్వపు నొప్పి అనుకోవడానికీ కారణం ఉంది. మైగ్రేన్‌లోనూ కళ్ళ ముందు వెలుగులు వస్తాయి, తలనొప్పి, వాంతి ఉంటాయి. తేడా వేగంలో ఉంది. మైగ్రేన్‌లో కార్టెక్స్ మీద పాకే అలను లియావ్ అనే బ్రెజిల్ శాస్త్రవేత్త 1944లో వర్ణించాడు. అది నిమిషానికి సుమారు 3 మిల్లీమీటర్లు నడుస్తుంది. అందుకే మైగ్రేన్ వెలుగు ఎక్కువగా నలుపు తెలుపు వంకర గీతలా మొదలై పది, ఇరవై నిమిషాలు మెల్లగా పరుచుకుంటుంది. ఫిట్ అల నడిచేది సెకనుకు మిల్లీమీటరు లెక్కన, అందుకే అంతా సెకన్లలో అయిపోతుంది. గుండ్రాలు కనిపించడానికీ ఒళ్ళు తెలియకపోవడానికీ మధ్య ఎంతసేపు అంటే, "ఇరవై అంకెలు లెక్కెట్టేలోపే" అంది. ఫిట్ తర్వాత తలనొప్పి రావడం ఆక్సిపిటల్ ఎపిలెప్సీలో బాగా మామూలు విషయం. కాబట్టి తలనొప్పి ఉందా అని అడిగితే ఏదీ తేలదు. వెలుగు ఎంతసేపుంది, రంగులున్నాయా, గుండ్రంగా ఉందా అనే అడగాలి.

ఇంకో చిన్న పరీక్ష. ఎదురుగా కూర్చుని నా ముక్కు వైపే చూడమని, పక్కల నుంచి వేళ్ళు కదిలించాను. మూడు వైపులా చటుక్కున చెప్పింది. ఎడమ కింది వైపు వేలు దాదాపు మధ్యకు వచ్చేదాకా పట్టుకోలేకపోయింది. అప్పుడు తల్లి అందుకుంది: "దీనికెప్పుడూ ఎడం కాలే గడపకి తగులుతాది బావూ. పరాకు ఎక్కువని తిడతాను."

పుట్టినప్పుడు ఏం జరిగింది

కుడి ఆక్సిపిటల్ దగ్గర పాత దెబ్బ ఏదో ఉండాలని అనుకున్నాక, పుట్టుక గురించి మళ్ళీ మొదటి నుంచి అడిగాను. పాత కాగితాల్లో ‘కాన్పు నార్మల్’ అని ఒక్క మాట ఉంది. కాన్పు నార్మలే. ఆ తర్వాతి రెండు రోజులు నార్మల్ కాదు.

"ముర్రుపాలు పిండి పారబోసీమన్నారు మా అత్త. తేనె నాకించినాం. రెండో రాత్రి ఒళ్ళు చల్లబడి నీలంగా తిరిగీసింది. కళ్ళు తేలేసింది. తెల్లారి ఆస్పత్రికి తీసుకెళ్తే గ్లూకోజు ఎక్కించారు" అంది తల్లి.

పుట్టిన బిడ్డకు పాలు అందకపోతే రక్తంలో చక్కెర పడిపోతుంది. ఎక్కువసేపు అలా ఉంటే మెదడులో ముందుగా దెబ్బతినేది వెనక భాగం, పెరైటల్, ఆక్సిపిటల్ లోబ్‌లు. ఎందుకు అక్కడే అన్నది ఇప్పటికీ పూర్తిగా తేలలేదు గానీ, తేలిన సంగతి మాత్రం స్కాన్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. మన దేశంలో పిల్లల్లో మొండి ఎపిలెప్సీకి ఇది ముఖ్యమైన కారణాల్లో ఒకటి, అదీ ఆపగలిగిన కారణం. ముర్రుపాలు పారబోసే ఇళ్ళు ఇప్పుడు బాగా తగ్గాయి. ఆ రోజుల్లో పుట్టిన పిల్లలు మాత్రం ఇప్పుడు పాతికేళ్ళ వయసులో మా ఓపీలకు వస్తున్నారు.

ఫిట్ ఎలా పాకుతుంది

కేసు ముందుకు నడవాలంటే ఇక్కడ కాస్త ఆగాలి. ఆక్సిపిటల్‌లో మొదలైతే పెదాలు చప్పరించడం ఎక్కడి నుంచి వచ్చింది? పెద్ద ఫిట్ ఎక్కడి నుంచి వచ్చింది?

ఇంగ్లండ్ న్యూరాలజిస్టు హ్యూలింగ్స్ జాక్సన్ 1870లో ఫిట్స్ మీద రాసిన వ్యాసంలో ఈ ప్రశ్నకు సగం జవాబు ఉంది. బొటనవేలు దగ్గర మొదలైన కుదుపు చేతికి, ముఖానికి, కాలికి ఒక వరసలో పాకడం చూసి, మెదడులోనూ అదే వరసలో ఏదో పాకుతోందని అతను ఊహించాడు. మనిషి ఈఈజీని జర్మనీ డాక్టరు బెర్గర్ ప్రచురించింది 1929లో. అంటే జాక్సన్ ఏ యంత్రమూ లేకుండా, మంచం పక్కన కూర్చుని చూసి చెప్పాడన్నమాట. ఈ కేసులో కాగితం మీది గుండ్రాలు చేసిన పనీ అదే.

ఒక చోట నరకణాలు అదుపు తప్పి ఒకేసారి కాలుతున్నప్పుడు, అంటే కరెంటు సంకేతాలు వదులుతున్నప్పుడు, చుట్టూ ఉన్న నిరోధక కణాలు గాబా అనే రసాయనంతో వాటిని అడ్డుకుంటాయి. వరి మడి చుట్టూ గట్టు ఉన్నట్టే. గట్టు నిలిచినంతసేపూ నీళ్ళు ఆ మడిలోనే ఉంటాయి, రోగికి రంగుల గుండ్రాలే కనిపిస్తాయి, స్పృహ ఉంటుంది. నిరోధక కణాలు అలిసిపోయినా, కణాల బయట పొటాషియం పేరుకున్నా, గాబా తన పని తిరగబడి చేసినా గట్టు ఓ పక్క తెగుతుంది. అల పక్క మడిలోకి మెల్లగా దిగుతుంది. గుండ్రాలు పెద్దవవుతూ పక్కకు జరగడం ఈ నెమ్మది ప్రయాణమే.

రెండో రకం ప్రయాణం పొడవాటి నరాల కట్టల మీద. అది పాకడం కాదు, దూకడం. మిల్లీసెకన్లలో దూరంగా ఉన్న భాగానికి చేరుతుంది. ఆక్సిపిటల్ లోబ్ నుంచి ఇలాంటి దారులు ముఖ్యంగా రెండు. కింద నుంచి వెళ్ళే ఇన్ఫీరియర్ లాంజిట్యూడినల్ ఫాసిక్యులస్ టెంపోరల్ లోబ్‌కు, అక్కడి నుంచి హిప్పోక్యాంపస్‌కు తీసుకెళ్తుంది. అటు వెళితే చూపు నిలబడిపోవడం, పెదాలు చప్పరించడం, చేతులతో ఏదో ఒకటి నలపడం. పైనుంచి పెరైటల్ మీదుగా వెళ్ళే దారి మెదడు ముందు భాగమైన ఫ్రాంటల్ లోబ్ లోపలి వైపున్న, కదలికలకు సంబంధించిన సప్లిమెంటరీ మోటార్ ఏరియాకు చేరుతుంది. అటు వెళితే ఒక చేయి బిగుసుకుని పైకి లేస్తుంది, తర్వాత మెదడు రెండు సగాలను కలిపే కార్పస్ కలోజం దాటి రెండో అర్ధగోళాన్నీ పట్టుకుంటే ఒళ్ళంతా కొట్టుకుంటుంది. కార్పస్ కలోజం ఒక వంతెన అనే గమనిక మీదే వాన్ వాజెనెన్ అనే సర్జన్ 1940లో దాన్ని కోసే ఆపరేషన్ ప్రచురించాడు.

అంటే ఒకే మనిషిలో, ఒకే మొదలు నుంచి, రెండు పూర్తిగా వేరుగా కనిపించే ఫిట్లు రావచ్చు. కొత్త వర్గీకరణలో, అంటే 2017 తర్వాత, ఇలాంటి పెద్ద ఫిట్‌ను జనరలైజ్డ్ అని వదిలేయరు. ఫోకల్‌గా, అంటే ఒక చోట, మొదలై రెండు వైపులకూ పాకినదిగా రాస్తారు. కాగితం మీద చిన్న మార్పే, కానీ వాల్‌ప్రోయేట్ రాయాలా వద్దా అన్నది చాలాసార్లు దాని మీదే తేలుతుంది.

ఊహను పరీక్షకు పెట్టడం

తమ్ముడి ఫోన్‌లో వీడియోలు చాలానే ఉన్నాయి. అన్నింటిలోనూ పెదాలు చప్పరించడమే. ఎందుకంటే ఎవరైనా గమనించాకే కెమెరా ఆన్ చేస్తారు, అప్పటికి ఫిట్ ఆక్సిపిటల్ దాటి వచ్చేసి ఉంటుంది. అందుకని పని ఆమెకే అప్పగించాను: రంగులు కనబడగానే ‘వస్తోంది’ అని గట్టిగా అరవాలి, దగ్గరున్నవాళ్ళు వెంటనే ముఖం మీద ఫోన్ పెట్టాలి.

తర్వాత వచ్చిన వీడియోల్లో రెండు పనికొచ్చాయి. రెండింటిలోనూ మొదట్లో రెప్పలు టపటపా కొట్టుకున్నాయి, కళ్ళు మెల్లగా ఎడమ మూలకు జరిగాయి. అప్పటిదాకా పిలిస్తే ‘ఊఁ’ అంటోంది. ఒక వీడియోలో ఆ తర్వాత చూపు ఆగి పెదాల చప్పరింపు మొదలైంది. రెండోదాంట్లో ఎడమ చేయి మోచేయి బిగిసి పైకి లేచింది, తల ఎడమకు తిరిగింది, ఆపైన పెద్ద ఫిట్. మొదటి సెకన్లు ఒకదానికొకటి అచ్చు పోసినట్టున్నాయి.

ఎంఆర్ఐ మళ్ళీ తీయించాను. తీసే సెంటర్ వాళ్ళకు ‘ఫిట్స్, టెంపోరల్?’ అని రాయకుండా, ‘కుడి ఆక్సిపిటల్ ఎపిలెప్సీ అనుమానం, నవజాత శిశువుగా షుగర్ పడిపోయిన చరిత్ర, వెనక భాగం పల్చటి కోతలతో చూడండి’ అని రాశాను. కుడి పెరైటో ఆక్సిపిటల్‌లో మచ్చ ఉంది. మడతల పైభాగం బాగానే ఉండి, గాడి లోతుల్లో కణజాలం సన్నబడి, పుట్టగొడుగు ఆకారంలో కనిపించింది. పుట్టిన నెలలోపు తగిలిన దెబ్బకు ఇది ముద్ర లాంటి గుర్తు. ఎడమ ఆక్సిపిటల్‌లోనూ చిన్న మచ్చ ఉంది. హిప్పోక్యాంపస్ కాస్త చిన్నదే గానీ, గట్టిబడితే స్కాన్‌లో కనిపించే మెరుపు అందులో లేదు. ఏళ్ళ తరబడి ఫిట్లు వచ్చి పడే చోటు అది. చిన్నదవడానికి అదే కారణం కావచ్చు, దాన్నే మూలం అనడానికి లేదు.

వీడియో ఈఈజీకి విశాఖ పంపాల్సి వచ్చింది. మందులు తగ్గించి ఆస్పత్రిలో ఫిట్లు రప్పించడం అంటే ఇంట్లోవాళ్ళకు టెన్షన్. ‘రోగం తెప్పించడానికి డబ్బులా’ అని తల్లి అడిగింది. న్యాయమైన ప్రశ్నే. కోయాలా వద్దా అన్న నిర్ణయానికి ఇంతకన్నా చవకైన దారి లేదని చెప్పాను.

రికార్డింగులో నాకు అన్నింటికన్నా విలువైనది ఖాళీగా ఉన్న భాగం. ఆమె ‘రంగులు’ అంటూ బటన్ నొక్కాక పదిహేను సెకన్ల పైన ఈఈజీలో ఏమీ లేదు. తర్వాత కుడి వెనక టెంపోరల్ ఎలక్ట్రోడ్ దగ్గర సన్నటి వేగమైన గీత, ఆ తర్వాత టెంపోరల్ అంతటా లయబద్ధమైన అలలు. తల మీద పెట్టిన ఎలక్ట్రోడ్‌కు అల కనిపించాలంటే సుమారు 10 చదరపు సెంటీమీటర్ల కార్టెక్స్ ఒకేసారి కాలాలి. కాల్కరైన్ గాడి రెండు అర్ధగోళాల మధ్య లోపలికి ఉంది, అక్కడి చిన్న మంట పైకి తెలియదు. పాత ఈఈజీలో టెంపోరల్ అని వచ్చింది అబద్ధం కాదు, ఆలస్యంగా దొరికిన నిజం. వచ్చిన ఫిట్లలో ఎక్కువ కింది దారి పట్టాయి. ఒకటి పై దారిన నడినెత్తి ఎలక్ట్రోడ్లకు ఎక్కి రెండు వైపులకూ పాకింది.

ఆపరేషన్ ఎందుకు వద్దనుకున్నాం

టెంపోరల్ లోబ్ తీసేస్తే కింది దారి మూసుకుపోతుంది. మొదలు అలాగే ఉంటుంది, పై దారి తెరిచే ఉంటుంది. అంటే చిన్న ఫిట్లు పోయి పెద్దవి మిగిలే ప్రమాదం. ఆ ఆపరేషన్‌కు ఇక చోటు లేదు.

మరి ఆక్సిపిటల్ మచ్చనే తీస్తే? ఇది తేలిక ప్రశ్న కాదు, చాలాసేపు మాట్లాడుకున్నాం. ఆమెకు ఎడమ చూపులో కింది పావు భాగం ఇప్పటికే లేదు. ఆపరేషన్ చేస్తే ఎడమ సగం మొత్తం పోతుంది. ఎడమ మెదడులోనూ మచ్చ ఉంది కాబట్టి, కుడిది తీశాక అది నిద్ర లేవదని హామీ లేదు. పైగా మందులు సరిగా వాడి చూసిన చరిత్ర లేదు: తప్పు పేరు మీద ఎంచుకున్న మందులు అవి. ఆపరేషన్‌ను కొట్టేయకుండా పక్కన పెట్టాం.

మందులు: పని చేయనిది, చేసింది

వాల్‌ప్రోయేట్ వీలైనంత త్వరగా మానిపించాలి, ఇందులో రెండో ఆలోచన లేదు. పెళ్ళీడు అమ్మాయి. కడుపులో బిడ్డకు వెన్ను లోపాలు, తెలివితేటలు తగ్గడం వాల్‌ప్రోయేట్‌తో వచ్చే ముప్పుల్లో బాగా రుజువైనవి. ఫెనిటాయిన్‌ను మాత్రం వెంటనే తీయలేదు. ఇది ఫిట్స్‌కు పనిచేస్తుందని మెరిట్, పుట్నమ్ అనే ఇద్దరు డాక్టర్లు 1938లో పిల్లుల మీద కరెంటు షాక్ పరీక్షతో చూపించారు. ఆ పరీక్ష కొలిచేది ఫిట్ పుట్టడాన్ని కాదు, ఎంత బలంగా పాకుతుందన్నదాన్ని. ఈ అమ్మాయి చరిత్ర కూడా అదే చెప్పింది. ఫెనిటాయిన్ మీద రంగులు ఆగలేదు, పెద్ద ఫిట్లు తగ్గాయి. తిత్లీ రోజుల్లో మాత్ర ఆగగానే అవే రంగులు ఒళ్ళంతా పాకాయి.

మొదట లెవెటిరాసెటామ్ ఎంచుకున్నాను. గర్భంలో భద్రత బాగుంది, ఇతర మందులతో గొడవ పడదు. అది మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది కాబట్టి, తండ్రి సంగతి గుర్తుంచుకుని ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూశాం. మామూలుగానే ఉంది. ఫిట్లు కాస్త తగ్గాయి, కానీ మనిషి మారిపోయింది. ఊరికే ఏడుపు, కోపం. "ఇంట్లో కంచాలు ఎగురుతున్నాయి సార్" అన్నాడు తమ్ముడు. ఈ మందుతో కొందరికి ఇలా అవుతుందని తెలుసు, మోతాదు తగ్గించి చూసినా సర్దుకోలేదు. ఆపేశాం.

తర్వాత లామోట్రిజిన్. ఇందులో తొందరపడితే ఒళ్ళంతా బొబ్బలెక్కే ప్రమాదం ఉంది. వాల్‌ప్రోయేట్ ఉన్నప్పుడు లామోట్రిజిన్ రక్తంలో నిల్వ పెరుగుతుంది, ఫెనిటాయిన్ ఉన్నప్పుడు తగ్గుతుంది. ఈమెకు రెండూ ఉన్నాయి. వాల్‌ప్రోయేట్ ఉన్నవాళ్ళ లెక్క ప్రకారం రోజు విడిచి రోజు 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచాం. వాల్‌ప్రోయేట్ తగ్గిస్తున్న కొద్దీ లామోట్రిజిన్ బలం పడిపోతుంది కాబట్టి ఇటు పెంచుతూ పోవాలి. ఏ వారం ఏ మాత్ర ఎన్ని అన్నది కాగితం మీద గడులు గీసి రాసిచ్చాను. తల్లి దాన్ని క్యాలెండరు పక్కన అంటించింది.

వాల్‌ప్రోయేట్ పూర్తిగా పోయాక ఫెనిటాయిన్ తగ్గించడం మొదలుపెట్టాం. సగం తగ్గించిన సమయంలో కోటబొమ్మాళి కొత్తమ్మతల్లి జాతర వచ్చింది. రాత్రంతా నిద్ర లేదు, పొద్దున్నే పెద్ద ఫిట్. నిద్ర లేకపోతే నిరోధకం బలహీనపడుతుంది, అది తెలిసిందే. కానీ ఒక్క రాత్రి జాగారానికే పై దారి తెరుచుకుందంటే మిగిలిన రక్షణ చాలదని అర్థం. రాత్రి పూట క్లోబజామ్ 10 మిల్లీగ్రాములు కలిపాం. అది గాబాకు బలమిచ్చే మందు. ఆ తర్వాత ఫెనిటాయిన్‌ను ఇంకా నెమ్మదిగా తీసేశాం. లామోట్రిజిన్ రోజుకు 200 దగ్గర నిలిచింది.

ఇప్పుడు ఏడాది దాటింది, పెద్ద ఫిట్ రాలేదు. రంగులు నెలకు ఒకటి రెండుసార్లు వస్తాయి, అర నిమిషంలో పోతాయి. పెదాల చప్పరింపు దాకా వెళ్ళేది కొన్ని నెలలకోసారి. ఫిట్స్ పూర్తిగా తగ్గలేదు, పాకడం తగ్గింది. ఇద్దరి మధ్యా ఈ తేడా స్పష్టంగా చెప్పుకున్నాం. లేకపోతే ‘రంగులు ఇంకా వస్తున్నాయి, మందు పనిచేయలేదు’ అని మానేసేవాళ్ళను చాలామందిని చూశాను.

రంగులు ఇక ముందస్తు హెచ్చరికగా మారాయి. అవి రాగానే పొయ్యి, బావి, మెషిన్ దేనికైనా దూరంగా జరిగి కింద కూర్చుంటుంది. ఇంట్లోవాళ్ళకు తాళాల గుత్తి చేతిలో పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం మానమని, పక్కకు తిప్పి పడుకోబెట్టమని, అయిదు నిమిషాలు దాటితే ముక్కులో ఫిట్ ఆపే మిడజోలామ్ స్ప్రే కొట్టి ఆస్పత్రికి తీసుకురమ్మని చెప్పాను. ఫ్యాక్టరీలో పిక్కలు కోసే మెషిన్ నుంచి పప్పు గ్రేడింగ్‌కు మారింది. ఎడమ కింద చూపు లేదు కాబట్టి ట్రేను కాస్త కుడివైపు పెట్టుకోమని తోటి పనివాళ్ళే నేర్పారట. ఆ సలహా నాకు తట్టలేదు.

ఈ కేసు తర్వాత నేను చేసేవి

ఈఈజీ, స్కాన్ రిపోర్టులు చూడకముందే మొదటి పది సెకన్లు అడుగుతాను, చూసినవాళ్ళను కాదు, వచ్చినవాళ్ళను. పిల్లలైతే గీయమంటాను. ఒకే మనిషిలో రెండు రకాల ఫిట్స్ అని కేస్ షీటులో కనిపిస్తే, రెండింటి ఆరంభమూ ఒకటేనేమో చూడకుండా రెండో పేరు రాయను. స్కాన్ చేసేవాళ్ళకు ఎక్కడ వెతకాలో చెప్పి పంపుతాను. ఎక్కడ వెతకాలో తెలియకపోతే మంచి స్కానూ మామూలుగానే కనిపిస్తుంది. పుట్టుక గురించి ‘ఏడ్చిందా?’తో ఆగకుండా, మొదటి పాలు ఎప్పుడు పట్టారో అడుగుతాను.

ఇంకొక్క సంగతి. సంబంధం కుదిరింది. దాచి పెళ్ళి చేద్దామని మొదట బంధువుల ఒత్తిడి. ఎపిలెప్సీ ఉందన్న కారణంతో పెళ్ళి చెల్లదనే నిబంధనను 1999లోనే హిందూ వివాహ చట్టం నుంచి తీసేశారు. అయినా చట్టం ఒకటి, ఇల్లు ఒకటి. అమ్మాయే అబ్బాయికి ఫోన్‌లో చెప్పింది, అతను ఒకసారి నా దగ్గరికి వచ్చి ప్రశ్నలు అడిగి వెళ్ళాడు. ఫోలిక్ యాసిడ్ ఇప్పటినుంచే మొదలుపెట్టాం. గర్భం వస్తే లామోట్రిజిన్ స్థాయి రక్తంలో బాగా పడిపోతుంది కాబట్టి నెల తప్పిన వెంటనే రమ్మని, అప్పుడు మోతాదు పెంచి కాన్పు తర్వాత మళ్ళీ తగ్గిస్తామని ఇద్దరికీ రాసిచ్చాను. గర్భనిరోధక మాత్రల్లో ఈస్ట్రోజెన్ ఉన్నవి కూడా లామోట్రిజిన్ స్థాయిని ఇలాగే తగ్గిస్తాయి, ఎవరు రాసినా నాకు చెప్పకుండా వేసుకోవద్దన్నాను. ఆక్సిపిటల్ ఆపరేషన్ మాట కాన్పు అయ్యాక, అప్పటికి రంగులు ఎన్నిసార్లు వస్తున్నాయో చూసి మళ్ళీ మాట్లాడతాం.